చూడి నుంచి వట్టిపోయే దాకా: ఒక పాడి ఆవుతో నా అనుభవం

తెనాలికి దగ్గరలో ఉన్న మా ఊళ్లో, మా అత్తగారింట గేదెల పాడి చాలాకాలంగా ఉంది. కానీ చూడి ఆవును కొనుక్కొచ్చి, అది ఈనడం, పాలు పిండడం, మళ్లీ చూడి కట్టించడం, చివరికి వట్టిపోనివ్వడం వరకు ఒక పూర్తి ఈతను నా చేతుల మీదుగా నడిపింది మాత్రం ఈమధ్యనే. పాలలో ఎక్కువ భాగం ఊళ్లోని పాల కేంద్రానికి పోస్తాం. మిగిలినవి మా వారు బండి మీద తెనాలిలో కొన్ని ఇళ్లకు అందిస్తారు. అందువల్ల పాడిని గురించి ఊరి వాళ్లు అనుకునే మాటలూ, పాలను గురించి పట్నం వాళ్లు అనుకునే మాటలూ రెండూ మా ఇంటికి చేరతాయి. వినేటప్పుడు అవి చిన్న మాటలుగానే కనిపిస్తాయి. కానీ ఒక్కొక్క అపోహకూ ఒక ఖరీదు ఉందనీ, ఆ ఖరీదు ఆవు ఆరోగ్యమో, దూడ ప్రాణమో, పాలు పిండే మనిషి రాబడో చెల్లిస్తుందనీ ఈ ఒక్క ఈతలోనే కళ్లారా చూశాను గనక, చూసినది చూసినట్టు రాస్తున్నాను.

మేం కొన్నది మూడో ఈత చూడితో ఉన్న జెర్సీ సంకరజాతి ఆవు. గౌరి అని పేరు పెట్టుకున్నాం. ఆవును తెచ్చామని తెలిసిన మర్నాడే పట్నంలో పాలు పోయించుకునే ఒకావిడ, "అయితే రేపటి నుంచి మాకు ఆవుపాలు పోస్తారా?" అని మా వారిని అడిగారట. ఇంకా ఈనలేదని చెబితే, పాలివ్వని ఆవుకు అంత డబ్బు పెట్టడం దేనికని ఆశ్చర్యపోయారట. ఆవు అన్నాక పాలు ఇస్తూనే ఉంటుందని, పిండితే వస్తాయని, పిండకపోతే రావని చదువుకున్న వాళ్లలో కూడా చాలామంది నమ్ముతున్నారు. ఆవు ఈనితేనే పాలు వస్తాయి. చూడి కాలం ఆవుకు సుమారు 280 రోజులు, గేదెకు సుమారు 310 రోజులు. ఈనిన తరువాత పాడి బాగుంటే పది నెలల దాకా పాలు పిండుకోవచ్చు. ఆ పది నెలల్లోపే అది మళ్లీ చూడి కట్టాలి. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పూర్తిగా ఆపి పొదుగుకు విశ్రాంతి ఇవ్వాలి. ఆ విశ్రాంతిలోనే పొదుగులో పాలు తయారుచేసే కణజాలం కొత్తగా ఏర్పడుతుంది. ఆ రెండు నెలలు కూడా మేత, దాణా, మందు, మనిషి శ్రమ అన్నీ మామూలుగానే ఉంటాయి, రాబడి మాత్రం ఉండదు. పాల ధర గురించి మాట్లాడేవాళ్లు ఈ వట్టిపోయిన నెలల్ని లెక్కలో వేసుకోవడం నేనెప్పుడూ వినలేదు.

గౌరి ఈనింది అర్ధరాత్రి దాటాక. కోడెదూడ. గోనెపట్టాతో ఒళ్లు తుడిచి, ముక్కులోని జిగురు తీసి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దేసరికి అది ముందుకాళ్ల మీద లేవబోయి పడుతోంది, మళ్లీ లేవబోతోంది. దాన్ని పట్టుకుని పొదుగు దగ్గరకు చేర్చబోతుంటే పక్కింటి బాబాయి, "ఆగమ్మా, మాయ పడకుండా పాలు తాగిస్తే మాయ లోపలికి పోతుంది, తెల్లారనివ్వు" అని అడ్డుపడ్డారు. మా అత్తయ్యది కూడా అదే మాట. వాళ్ల పెద్దలు అలాగే చేశారు, వీళ్లూ అలాగే చేస్తూ వచ్చారు. మా మండలం పశువైద్యశాల డాక్టరు గారు ఈ సంగతిని ముందుగానే నాకు విడమరిచి చెప్పి ఉన్నారు గనక, నేను వాళ్లిద్దరినీ బతిమాలుకుని దూడకు చన్ను అందించాను.

డాక్టరు గారు చెప్పింది ఇది. మనుషుల్లో తల్లి రక్తంలోని రోగనిరోధక పదార్థాలు కడుపులో ఉండగానే బిడ్డకు చేరతాయి. ఆవులోనూ గేదెలోనూ మాయ నిర్మాణం వేరు కాబట్టి అవి దూడకు చేరవు. దూడ పుట్టేనాటికి దాని ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి దాదాపు ఉండదు. ఆ శక్తి అంతా తొలి జున్నుపాలలోనే దానికి అందాలి. పైగా ఆ పదార్థాలు చెడిపోకుండా దూడ పేగు గుండా రక్తంలోకి వెళ్లే అవకాశం పుట్టిన గంటల్లోనే తగ్గడం మొదలై, ఒక రోజు గడిచేసరికి పూర్తిగా మూసుకుపోతుంది. ఈనిన గంటలోపు తొలిసారి తాగించాలి. మొదటి రోజులో దూడ బరువులో పదో వంతు, అంటే పాతిక కిలోల దూడకు రెండున్నర లీటర్ల జున్నుపాలు కడుపులో పడాలి. మాయ పడడానికి ఆవు మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు గంటల దాకా తీసుకోవచ్చు. అంతసేపు దూడను ఆకలితో కట్టేసి ఉంచితే, ఆ తరువాత ఎన్ని పాలు పట్టినా పోయిన గంటలు తిరిగిరావు. మా ఊళ్లో పుట్టిన నెలలోపే పారుడు రోగంతో పోయే దూడలను చూసి "దిష్టి తగిలింది" అనుకోవడం మామూలు. వాటిలో ఎన్నింటికి మొదటి రాత్రి పాలు అందలేదో ఎవరూ లెక్క పెట్టలేదు.

మాయ లోపలికి పోతుందన్న భయానికి కూడా ఆధారం లేదు. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. దూడ చీకినప్పుడు ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. పొదుగులో పాలను కిందికి దింపేదీ, గర్భసంచిని ముడుచుకునేలా చేసేదీ అదే. కాబట్టి దూడ తాగితే మాయ పడడానికి సాయమే గాని ఆటంకం లేదు. గౌరికి ఆ రాత్రి కోడి కూసే వేళకే మాయ పడిపోయింది. మాయ త్వరగా జారాలని దానికి రాయో పాత చెప్పో కట్టి వేలాడదీసే అలవాటు మా చుట్టుపక్కల ఇప్పటికీ ఉంది. ఆ బరువుకు మాయ సగంలో తెగి ముక్క లోపల కుళ్లితే గర్భసంచి చెడి, ఆవు మళ్లీ చూడి కట్టడమే కష్టమవుతుంది.

ఇక జున్ను. ఆవు ఈనిందని తెలియగానే జున్నుపాలు అడగని చుట్టం ఉండడు. ఇవ్వడం మన సంప్రదాయం, నాకూ ఇష్టమే. అయితే దూడకు రోజుకు మూడు పూటలు కడుపునిండా పట్టిన తరువాతే గిన్నెల్లోకి పోశాను. ఎక్కువ తాగితే దూడకు విరేచనాలు అవుతాయి కాబట్టి ఒక చన్ను మాత్రమే వదలాలనే మాట ఆ మూడు రోజుల్లో నేను చాలామంది నోట విన్నాను. దూడకు విరేచనాలు పట్టుకునేది ఎక్కువగా మురికి నేల వల్ల, కడగని పాత్రల వల్ల, రక్షణ లేని పేగుల వల్ల.

రెండో రోజు మధ్యాహ్నం గౌరి పడుకుని లేవలేదు. మెడను ఒక పక్కకు తిప్పి డొక్క మీద ఆనించింది. చెవులు చల్లబడ్డాయి, ముట్టె పొడిబారింది, కళ్లు మూతలు పడుతున్నాయి. ఇంటి ముందు చేరిన వాళ్లలో ఒకరు ఎవరి కన్నో పడిందని మిరపకాయలు దిగదుడవమన్నారు. ఇంకొకరు జ్వరం దిగడానికి చన్నీళ్లు పోయమన్నారు. మరొకరు సత్తువ లేక పడిపోయిందని గొట్టంతో గంజి పట్టమన్నారు. ఈ మూడో సలహా చాలా ప్రమాదకరమైనది, ఎందుకంటే ఆ స్థితిలో పశువు సరిగ్గా మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మేం వెంటనే డాక్టరు గారికి ఫోన్ చేశాం. ఆయన వచ్చి ఉష్ణోగ్రత చూస్తే మామూలుగా ఉండవలసిన 101 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే బాగా తక్కువ ఉంది. లీటరు జున్నుపాలలో రెండు గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఈనిన వెంటనే ఆ కాల్షియమంతా ఒక్కసారిగా పొదుగులోకి పోతుంటే, ఎముకల నుంచి దాన్ని తీసి రక్తానికి అందించే ఏర్పాటు ఇంకా పుంజుకోని ఆవుల్లో కండరాలు పనిచేయడం మానేస్తాయి. ఎక్కువ పాలిచ్చే ఆవులకు, మూడో ఈత నుంచి, ఈనిన మూడు రోజుల్లోపు ఇది తరచుగా వస్తుంది.

ఆయన కాల్షియం సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, మెడ నరానికి సూది పెట్టి, ఒక చేత్తో సీసా పట్టుకుని రెండో చేయి గుండె మీద ఉంచి చాలా నెమ్మదిగా ఎక్కించారు. తొందరపడితే గుండె ఆగిపోతుందట. సీసా సగం అయ్యేసరికి గౌరి తొడల కండరాలు వణకడం మొదలైంది, ఆ వెంటనే గట్టిగా తేన్చింది, పేడ వేసింది. సీసా అయిన కాసేపటికి వెనకకాళ్లు కూడదీసుకుని లేచి నిలబడింది. "మొదటి రెండు రోజులు పొదుగు పూర్తిగా ఖాళీ చేయకండమ్మా, దూడకు చాలినన్నే తీయండి" అని చెప్పి ఆయన వెళ్లారు. పొదుగులో చుక్క మిగిలితే పాడి తగ్గిపోతుందని నమ్మి తొలిరోజే చివరంటా పిండేసే వాళ్లు ఈ ప్రమాదాన్ని తమ చేతులతోనే దగ్గరకు తెచ్చుకుంటున్నారు.

వారం గడిచాక పాలు కేంద్రానికి పోయడం మొదలుపెట్టాం. ఇక్కడి నుంచి నేను నేర్చుకున్నది చాలా ఉంది, పాడి రైతుల్లో ఎక్కువమందికి నేరుగా పనికొచ్చేదీ ఇదే.

పొదుగు పాలతో నిండిన సంచి అనీ, కింద నొక్కితే వచ్చేస్తాయనీ బయటివాళ్లు అనుకుంటారు. పాలు పొదుగు లోపల కంటికి కనిపించనంత చిన్న తిత్తుల్లో తయారై అక్కడే నిలిచి ఉంటాయి. ఒక లీటరు పాలు తయారవడానికి పొదుగు గుండా నాలుగైదు వందల లీటర్ల రక్తం ప్రవహించాలి. ఆ తిత్తుల్లోని పాలు కిందికి దిగడమే చేపడం. ఆవు చేపాలంటే దూడ చీకాలి, లేదా రోజూ అదే వేళకు, అదే మనిషి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి నిమరాలి. మన గేదెలు, ఒంగోలు వంటి దేశవాళీ ఆవులు దూడ లేకుండా చేపడం అరుదు. చేపు మొదలైన తరువాత అది నిలిచేది ఐదు నుంచి ఏడు నిమిషాలు మాత్రమే కనక పాలన్నీ ఆలోపే పిండుకోవాలి. ఆ సమయంలో పశువును కొట్టినా, కుక్క మొరిగినా, కొత్త మనిషి వచ్చి నిలబడినా భయం వల్ల చేపు ఆగిపోతుంది. "పాలు ఎగబట్టింది, పొగరు" అని కర్ర అందుకోవడం వల్ల మరునాడు ఇంకా తక్కువ పాలు వస్తాయి తప్ప మరో ఫలితం ఉండదు.

దూడ చనిపోయినప్పుడో, ఓపిక లేకనో కొందరు రోజూ ఆక్సిటోసిన్ సూది వేస్తారు. దాని వల్ల పాలు పెరుగుతాయనుకోవడం పొరపాటు. అప్పటికే తయారై ఉన్న పాలు దిగడమే జరుగుతుంది. సూదికి అలవాటు పడిన పశువు సూది లేకుండా చేపదు, రోజుకు రెండుసార్లు ఆ నొప్పి భరిస్తుంది. పాలు పెంచడానికి ఇలాంటి సూదులు వేయడాన్ని 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం నేరంగా పేర్కొంది. పట్నంలో మాత్రం దీని మీద వేరే భయం ఉంది: ఆ సూది పాలలోకి దిగి ఆడపిల్లలు చిన్న వయసులోనే పెద్దమనుషులు అవుతున్నారని ఇద్దరు ముగ్గురు తల్లులు నన్నే అడిగారు. ఆక్సిటోసిన్ ఒక చిన్న ప్రొటీను లాంటి పదార్థం, నోటి ద్వారా వెళితే జీర్ణాశయంలో ముక్కలైపోతుంది. మేం ఆ సూది వాడం. వాడకపోవడానికి కారణం ఆవు బాధ అని వాళ్లకు చెప్పాను.

ఇప్పుడు వెన్న శాతం సంగతి. కేంద్రంలో యంత్రం వెన్ననూ, వెన్న కాని ఘనపదార్థాన్నీ చూపిస్తుంది, ఆ రెండింటిని బట్టే ధర. ఇవాళ వెన్న నాలుగు శాతం వచ్చిన పాలు రేపు మూడున్నర వస్తే కేంద్రం వాళ్లు మోసం చేశారని రచ్చబండ దగ్గర మాట లేస్తుంది. మోసాలు ఉండవని నేను అనను. కానీ ఒకే ఆవు పాలలో, ఒకే పూట, ఒకే చెంబులో వెన్న ఎంతగా మారుతుందో మా కేంద్రం నడిపే తమ్ముడు నాకు చేసి చూపించాడు. "అక్కా, రేపు తొలి ధారలు ఒక గ్లాసులో, ఆఖరి ధారలు ఇంకో గ్లాసులో తీసుకురా" అన్నాడు. తీసుకెళ్లాను. తొలి ధారల్లో వెన్న రెండు శాతం కూడా చూపించలేదు. ఆఖరి ధారల్లో ఏడు దాటింది. వెన్న కణాలు తిత్తుల గోడలకు అంటుకుని ఉండి చివర్లో మాత్రమే దిగుతాయి. మా ఊళ్లో చాలా ఇళ్లలో ముందు పాలు మనం పిండుకుని ఆఖరున దూడను వదులుతారు. దూడకు దక్కేది తక్కువ పాలే అయినా, ఆ పాలలోనే వెన్నంతా ఉంటుంది. కేంద్రానికి వెళ్లేవి పలుచని పాలు. దూడను మొదట వదిలి చేపించి, దాని వాటా ఒక చన్ను నుంచి మొదట్లోనే తాగనిచ్చి, మిగతా చన్నులు చివరంటా పిండుకుంటే దూడ కడుపూ నిండుతుంది, వెన్న శాతమూ పడిపోదు. ఆ పద్ధతికి మారాక మా పాల శాతం నిలకడగా ఉంది.

ఉదయం పాలలో వెన్న తక్కువగా, సాయంత్రం పాలలో ఎక్కువగా ఉండడానికి కూడా ఎవరి మోసమూ కారణం కాదు. రాత్రి పిండకం నుంచి పిండకానికి ఎడం ఎక్కువ కాబట్టి ఉదయం పాలు ఎక్కువ వస్తాయి, వెన్న వాటిలో పలచబడుతుంది. ఎండాకాలం వేడికీ శాతం పడుతుంది. క్యానులో పాలను గరిటెతో పైకీ కిందికీ బాగా కలపకుండా నమూనా తీస్తే మాత్రం లెక్క తప్పుతుంది. అక్కడ మనం గట్టిగా అడగాలి, నేను అడుగుతాను.

మేత విషయంలో అందరి నోటా ఉండే మాట "దాణా పెంచితే పాలు పెరుగుతాయి" అన్నది. కొంతవరకు నిజం. ఆవుకు ఒంటి పోషణకు కిలో, కిలోన్నర, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున మంచి దాణా పెట్టమంటారు. ఆ లెక్క దాటి తౌడు, నూక, మొక్కజొన్న పిండి గుమ్మరిస్తే ఆవు మొదటి కడుపులో పులుపు పెరిగి అందులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. నిజానికి ఆవు గడ్డిని తిని ఆ సూక్ష్మజీవులను పోషిస్తుంది, ఆ సూక్ష్మజీవులే దానికి ఆహారాన్ని తయారుచేసి ఇస్తాయి. పాలలో వెన్నకు ముడిసరుకు పీచు నుంచి వస్తుంది కాబట్టి, గడ్డి తగ్గించి దాణా పెంచిన ఇంట్లో పాలు ఎక్కువై వెన్న పడిపోతుంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం ఒక్కసారిగా పెట్టి గేదెను పోగొట్టుకున్న కుటుంబం మా పక్క వీధిలోనే ఉంది. అన్నం కదా, అమృతం కదా అని ప్రేమతో పెట్టారు. నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు: లీటరు పాలకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు ఆవు తాగాలి, కాబట్టి తొట్టిలో శుభ్రమైన నీళ్లు రాత్రి కూడా ఉండాలి.

పొదుగువాపు దిష్టి వల్ల వస్తుందనే నమ్మకం ఉంది. పాలు పిండిన తరువాత చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది. ఆ అరగంటలో ఆవు పేడ మీద పడుకుంటే క్రిములు లోపలికి పోతాయి. అందుకే నేను పిండడం అయ్యాకే గాడిలో పచ్చిమేత వేస్తాను, అది తింటూ నిలబడి ఉంటుంది. చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచుతాను. బొటనవేలు మడిచి పిండే అలవాటు కూడా మానాలి, దాని వల్ల చన్ను లోపలి పొర దెబ్బతింటుంది. వాపు వచ్చి మందులు వాడిన ఆవు పాలను మందు ప్రభావం పోయేదాకా, మామూలుగా మూడు నాలుగు రోజులు, ఎవరికీ పోయకూడదు. ఆ నష్టం రైతుదే, తప్పదు.

పట్నంలో ఇళ్లకు పాలు ఇచ్చేటప్పుడు వినే మాటలు వేరే రకం. ఆవుపాలు పచ్చగా ఎందుకున్నాయి, ఏం కలిపారు అని ఒకరు అడుగుతారు. పచ్చిమేతలోని బీటా కెరోటిన్ ఆవు పాలలోకి వస్తుంది. గేదె దాన్ని విటమిన్ ఏగా మార్చేస్తుంది గనక గేదెపాలు తెల్లగా ఉంటాయి. గేదెపాలు తాగితే పిల్లలు మందబుద్ధులవుతారని ఇంకొకరు నమ్ముతారు. గేదెపాలలో వెన్నా, ప్రొటీనూ, కాల్షియమూ ఆవుపాల కంటే ఎక్కువే ఉంటాయి; బుద్ధికీ పాడి జాతికీ సంబంధం లేదు. ఏడాది నిండని పసిబిడ్డకు ఆవుపాలు పోస్తాం, రోజూ పావు లీటరు కావాలని ఒక అమ్మమ్మగారు అడిగినప్పుడు మాత్రం మా వారు పోయకుండా తిరిగి వచ్చారు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దని, ఏడాది లోపు ఆవుపాలనే ప్రధాన ఆహారంగా పెడితే బిడ్డకు ఇనుము చాలదని పిల్లల డాక్టర్లందరూ చెబుతారు.

ఏ2 పాల గురించి అడిగేవాళ్లు ఈమధ్య చాలా ఎక్కువయ్యారు. పాలలోని బీటా కేసిన్ అనే ప్రొటీనులో 67వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం తేడా వల్ల ఏ1, ఏ2 అనే రెండు రూపాలు ఉన్నాయి. మన దేశవాళీ ఆవుల్లో చాలావరకు ఏ2 రూపమే ఉంటుంది, గేదెల్లోనూ అదే. మూడింతలు నాలుగింతలు ధర పెట్టి ఏ2 ఆవుపాలు కొనేవాళ్లకు, తాము చిన్నప్పటి నుంచి తాగుతున్న గేదెపాలు కూడా ఏ2నే అన్న సంగతి తెలియదు. ఏ1 పాల వల్ల జబ్బులు వస్తాయన్న వాదనను ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో పరిశీలించి, కారణ సంబంధం నిరూపణ కాలేదని తేల్చింది. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టు 21న పాల ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అని రాయడం తీసేయమని ఆదేశించి, కొద్ది రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. మా గౌరి సంకరజాతి కాబట్టి రెండు రూపాలూ ఉండవచ్చు, ఆ మాట అడిగిన వాళ్లకు దాచకుండా చెబుతాం. ఒంగోలు ఆవును నేను ఎంతో ప్రేమిస్తాను, దాన్ని కాపాడుకోవాలి; అందుకు దాని పాలకు లేని మహిమలు అంటగట్టవలసిన పని లేదు.

ప్యాకెట్ పాల మీద అపోహలు కూడా మా దగ్గరే చెబుతారు, మేం సంతోషిస్తామని. మీగడ కట్టడం లేదు, వెన్న తీసేశారు అంటారు. వెన్న కణాలను ఒత్తిడితో మరీ చిన్నవి చేసిన పాలలో మీగడ పైకి తేలదు. టోన్డ్ పాలంటే కల్తీ పాలు కావు. 1946లో బొంబాయిలో పాడి రంగ నిపుణుడు దారా ఖురోడీ గేదెపాలకు వెన్న తీసిన పాలపొడి, నీళ్లు కలిపి, ఎక్కువమంది పేదలకు అందేలా చేసిన పద్ధతి అది. అందులో కనీసం 3 శాతం వెన్న, 8.5 శాతం ఇతర ఘనపదార్థం ఉండాలని నియమం. నెలల తరబడి నిలిచే అట్టపెట్టె పాలలో మందు ఏదీ కలపరు. 135 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కొన్ని సెకన్లు వేడి చేసి, గాలి సోకకుండా మూసేస్తారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది గుమ్మపాల మీద ఉన్న మోజు. పొదుగు నుంచి తీసిన వెచ్చని నురగ పాలను కాచకుండా తాగితే బలమని మా మామయ్యగారి తరం తాగింది, ఇప్పుడు పట్నం నుంచి వచ్చిన కుర్రవాళ్లు ప్రకృతి జీవనం పేరుతో అదే అడుగుతున్నారు. చూడి ఐదో నెల దాటాక ఆవు ఈసుకుపోవడానికి, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోవడానికి, ముఖ్య కారణమైన బ్రుసెల్లా క్రిమి పాల ద్వారా మనుషులకు సోకుతుంది. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులతో మనిషిని పీల్చేస్తుంది. క్షయ కూడా అలాగే సోకవచ్చు. కాచితే కొన్ని విటమిన్లు కొంత తగ్గుతాయి, ప్రొటీనూ కాల్షియమూ ఎక్కడికీ పోవు. ఎంత దగ్గరి బంధువు అడిగినా మా చావిడిలో పచ్చిపాలు తాగడానికి ఇవ్వం. నోటికీ గిట్టలకూ పుండ్లు పడే గాలికుంటు వ్యాధికి టీకా వేయిస్తే పాలు ఆగిపోతాయని పశువులను దాచే ఇళ్లు కూడా ఉన్నాయి. టీకా వేసినప్పుడు ఒకటి రెండు రోజులు పాలు కొంచెం తగ్గిన మాట నిజమే. గాలికుంటు వస్తే ఆ ఈత పాడంతా పోతుంది. 2022లో ముద్దచర్మం వ్యాధి దేశంలో విస్తరించినప్పుడు భయపడి పాలు మానేసినవాళ్లు ఉన్నారు. ఆ వ్యాధి మనుషులకు సోకదు.

ఈనిన మూడో నెలలో గౌరి ఎదకు వచ్చింది. ఆవు ఇరవై ఒక్క రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది, ఆ ఎద ఒక రోజు కూడా నిలవదు. తప్పిపోతే మూడు వారాల మేత వృథా. ఉదయం అరుపు వినగానే, ఊళ్లలో పశువులకు చూడి కట్టడానికి వీర్యం సూది వేసే గోపాలమిత్రకు చెబితే సాయంత్రం వచ్చి వేశారు. చూడి కట్టిన ఆవు పాలు తాగకూడదని ఇద్దరు పాలు మానేశారు. చూడి ఏడో నెల దాకా ఆ పాలకు ఏ దోషమూ లేదు. చివర్లో కొంచెం చిక్కగా, ఉప్పగా మారతాయంతే.

కోడెదూడ గురించి కూడా రాయాలి, ఎందుకంటే పాలన్నీ ప్రేమతో వచ్చేవేనని నమ్మేవాళ్లకూ, పాడి అంటేనే దూడల నోరు కొట్టడమని నమ్మేవాళ్లకూ ఈ విషయం ఉన్నది ఉన్నట్టు తెలియాలి. ట్రాక్టర్లు వచ్చాక మా ప్రాంతంలో సంకరజాతి కోడెతో పని లేదు. చాలా ఇళ్లలో దాన్ని చేపు కోసం మాత్రమే ఉంచి, అర్ధాకలితో వదిలేస్తారు. అది ఎన్ని రోజులు బతికితే అన్ని రోజులు. ఇది నిజం, దీన్ని దాచి పాడి గొప్పతనం చెప్పడం నాకు ఇష్టం లేదు. మా కోడెకు మూడు నెలలు పాలు వదిలి, గడ్డికి అలవాటు చేసి, ఎడ్లబండి ఉన్న ఒక రైతుకు ఇచ్చాం. దాని పాలకూ మేతకూ అయిన ఖర్చు తిరిగి రాలేదు.

ఈసారి గౌరికి లింగ నిర్ధారిత వీర్యం, అంటే ఎక్కువగా పెయ్యదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం వేయించాం. దానితో చూడి కట్టే అవకాశం మామూలు వీర్యం కంటే కొంచెం తక్కువని చెప్పారు, కానీ మొదటిసారికే కట్టింది. మూడో నెలలో డాక్టరు గారు చేయి పెట్టి చూసి చూడి అని ఖాయం చేశారు. ఏడో నెల నిండగానే దాణా తగ్గించి, పాలు ఆపి, నాలుగు చన్నుల్లోకీ మందు ఎక్కించి వట్టిపోనిచ్చాం. పెయ్యదూడ పుట్టే అవకాశం తొంభై శాతం. ఆ మిగిలిన పది శాతంలో కోడె పుడితే దానికీ మూడు నెలలు కడుపునిండా పాలు వదలాలని మా ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. ఆ పాల ఖరీదును వచ్చే ఈత ఖర్చుల పుస్తకంలో మొదటి పద్దుగా ఇప్పటికే రాసి ఉంచాను.